తప్పనిసరి తమిళం, ఐచ్ఛిక తెలుగు: న్యాయం ఎటువైపు?

తమిళనాడులో బడిలో చేరే ప్రతి బిడ్డా, ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా, తమిళం నేర్చుకొని తీరాలని 2006లో ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. తమిళనాడు తమిళ అభ్యసన చట్టంగా పేరొందిన ఈ శాసనం 2006-07 విద్యాసంవత్సరంలో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి సాగింది. ఆనాడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డలు 2016లో పదో తరగతి పబ్లిక్ పరీక్షకు కూర్చున్నారు. హోసూరు, డెంకణికోట, తళి, వేపనపల్లి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు చట్టం బరువు అప్పుడే పూర్తిగా తెలిసివచ్చింది. అంతవరకు కాగితం మీద ఉన్న మాట పిల్లవాడి మార్కుల పట్టికలోకి వచ్చింది.

ఈ చట్టాన్ని సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ గట్టి కారణాలే ఉన్నాయి. సభలలో ఆవేశం పాలు ఎక్కువై, ఎదుటివారి వాదంలోని సారం మరుగున పడుతున్నది. సరిహద్దు గ్రామాలలో బిడ్డను ఏ బడిలో, ఏ మాధ్యమంలో చేర్చాలా అని జూన్ నెల వచ్చేసరికి తర్జనభర్జన పడే తల్లిదండ్రులకు మాత్రం రెండు పక్షాల మాటలూ తెలిసి ఉండడం అవసరం.

చట్టం చెప్పేదేమిటి?

చట్టం పాఠ్యాంశాలను నాలుగు భాగాలుగా విభజించింది. మొదటి భాగం తమిళం. రెండవది ఆంగ్లం. మూడవ భాగంలో గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం వంటివి వస్తాయి. తమిళం గానీ ఆంగ్లం గానీ మాతృభాష కాని విద్యార్థులు కోరుకుంటే తమ మాతృభాషను నాలుగవ భాగంగా చదువుకోవచ్చు. అంతకు ముందు తెలుగు విద్యార్థి తన భాషను మొదటి భాగంలోనే చదివి, పరీక్ష రాసి, ఆ మార్కులను మొత్తంలో కలుపుకొనేవాడు. చట్టం తరువాత తెలుగు మొదటి వరుస నుంచి నాలుగో వరుసకు జరిగింది. పదో తరగతిలో లెక్కకు వచ్చే మొత్తం 500 మార్కులు. ఐచ్ఛిక భాషలో తెచ్చుకున్న మార్కులు చాలా కాలం పాటు ఆ మొత్తంలో చేరలేదు. వివాదంలో అసలు ముడి ఇదే. చట్టం తెలుగును నిషేధించలేదు, కానీ దాని విలువను తగ్గించింది.

దీనిపై భాషాల్పసంఖ్యాకుల సంఘాలు న్యాయస్థానాలను ఆశ్రయించాయి. మద్రాసు హైకోర్టు 2016 నుంచి వేర్వేరు సంవత్సరాలలో అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపులు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరొక ఏడాది పొడిగించింది. ఈ విధంగా ఒక తరం విద్యార్థులు ఏ పరీక్ష రాయవలసి ఉంటుందో పరీక్షలు దగ్గరపడేవరకు నిశ్చయంగా తెలియని స్థితిలోనే చదువుకున్నారు.

చట్టాన్ని సమర్థించేవారి వాదం

మొదటిది జీవనావసరం. 1956 నాటి అధికార భాషా చట్టం నుంచి తమిళనాడు పరిపాలన తమిళంలో సాగుతున్నది. పొలం పట్టా, అడంగల్, రేషన్ కార్డు, గ్రామ పరిపాలనాధికారి ఇచ్చే ధ్రువపత్రం అన్నీ తమిళంలోనే ఉంటాయి. తన పొలం కాగితాన్ని తానే చదువుకోలేని రైతు మరొకరి మీద ఆధారపడక తప్పదు. ఆ ఆధారం ఎన్ని కుటుంబాలను దళారుల పాలు చేస్తుందో పల్లెవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది ఉద్యోగం. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల పోటీ పరీక్షలలో తమిళ పత్రాన్ని తప్పనిసరి చేస్తూ, అందులో కనీసం 40 శాతం మార్కులు రావాలని తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ఉత్తర్వులు జారీ చేసింది. తమిళ మాధ్యమంలో చదివినవారికి ప్రభుత్వ నియామకాలలో 20 శాతం ప్రాధాన్యం కల్పించే చట్టం 2010 నుంచే ఉన్నది. ఇటువంటి రాష్ట్రంలో తమిళం రాకుండా పదో తరగతి దాటిన యువకుడికి పోలీసు ఉద్యోగం నుంచి తాలూకా కార్యాలయం గుమాస్తాగిరీ వరకు తలుపులు మూసుకుపోతాయి. పదహారేళ్ళకు ఇచ్చిన మినహాయింపు ఇరవై రెండేళ్ళకు శాపంగా మారుతుందన్నది ఈ పక్షం వారి హెచ్చరిక.

మూడవది న్యాయస్థానాల దృష్టి. మహారాష్ట్రలోని పాఠశాలలలో మరాఠీని తప్పనిసరి చేయడాన్ని గుజరాతీ భాషాల్పసంఖ్యాకుల విద్యాసంస్థలు ప్రశ్నించినప్పుడు, 2004లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది. నివసించే రాష్ట్రం భాషను నేర్చుకోకపోతే అక్కడి జనజీవనం నుంచి వేరుపడిపోయే ప్రమాదముందని ఆ తీర్పు భావించింది. స్థానిక భాషను ఒక పాఠ్యాంశంగా నేర్పడం అల్పసంఖ్యాకుల హక్కులకు భంగం కాదన్నది దాని సారాంశం.

నాలుగవది చరిత్ర చూపే ఉదాహరణ. కోవిల్‌పట్టి, రాజపాళయం, మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో నాయకరాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమిళం చదివి, తమిళంలోనే రాస్తూ, వ్యాపారాలలో, రాజకీయాలలో, సాహిత్యంలో ముందుకు వచ్చాయి. ఇంట్లో తెలుగు మాట నిలిచింది. తమిళం నేర్చుకుంటే తెలుగు చచ్చిపోతుందనడానికి ఆ కుటుంబాలే అడ్డు సాక్ష్యమని సమర్థకులు వాదిస్తారు.

చట్టాన్ని వ్యతిరేకించేవారి వాదం

ఎదుటి పక్షం మొదట చూపేది రాజ్యాంగం. ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని కాపాడుకొనే హక్కును 29వ అధికరణం ఇచ్చింది. తమకు నచ్చిన విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కును 30వ అధికరణం ఇచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించవలసిందని రాష్ట్రాలను ఆదేశించింది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన ఏడాదే ఈ సవరణ రావడం యాదృచ్ఛికం కాదు. ఎంత జాగ్రత్తగా గీసినా ప్రతి సరిహద్దుకూ అటువైపు కొందరు మిగిలిపోతారని ఆనాటి పాలకులకు తెలుసు.

ఇక్కడే రెండవ వాదం వస్తుంది. సరిహద్దు తెలుగువారిలో అత్యధికులు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారు కారు. వారి తాతలు ఉన్న ఊళ్ళోనే ఉన్నారు, రాష్ట్రం పేరు మారింది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో భాగం. పటాస్కర్ సిఫారసుల మేరకు జరిగిన సరిహద్దుల సవరణతో అది మద్రాసు రాష్ట్రంలో చేరింది. హోసూరు ప్రాంతం సేలం జిల్లాలో ఉండి, తరువాత ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు మారింది. కొత్త చోటికి వెళ్ళినవారు ఆ చోటి భాష నేర్చుకోవాలన్న సూత్రం కదలకుండా ఉన్నవారికి అదే పాళ్ళలో వర్తిస్తుందా అని ఈ పక్షం అడుగుతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. రాష్ట్ర జనాభాలో వారు 5.87 శాతం.

మూడవ వాదం ఆచరణకు చెందినది. ఐచ్ఛికమన్న మాట వినసొంపుగానే ఉన్నా, బడిలో దాని గతి వేరుగా ఉంటుంది. లెక్కకు రాని పాఠానికి విద్యార్థి సమయం పెట్టడు. విద్యార్థులు తగ్గితే ఉపాధ్యాయుడు విరమణ పొందిన తరువాత ఆ పోస్టు నిండదు. అయ్యవారు లేని బడిలో తల్లిదండ్రులు తెలుగును కోరరు. కోరలేదు కాబట్టి అవసరం లేదని దస్త్రంలో రాసుకుంటారు. ఏ ఉత్తర్వూ లేకుండానే, ఎవరూ వద్దనకుండానే, పదేళ్ళలో ఒక ఊరి బడినుంచి ఒక భాష వెళ్ళిపోవడానికి ఈ వలయం చాలు.

నాలుగవది దక్షిణ జిల్లాల ఉదాహరణకే సమాధానం. అక్కడి కుటుంబాలలో తెలుగు మాట నిలిచిన సంగతి నిజమే, లిపి మాత్రం నిలువలేదు. తాత రాసిన ఉత్తరాన్ని మనుమడు చదవలేని స్థితిని భాష బతికి ఉండడంగా ఎంతవరకు చెప్పుకోవచ్చునన్నది ప్రశ్న. హోసూరు ప్రాంతంలో నేటికీ తెలుగు చదివేవారు, రాసేవారు ఉన్నారంటే అక్కడ బడిలో తెలుగు ఉండడమే కారణం. ఆ బడి పోతే మిగిలేది దక్షిణ జిల్లాల దారే.

అయిదవది తమిళనాడు రాజకీయ సంప్రదాయాన్నే ఎదురు సాక్ష్యంగా నిలబెట్టే వాదం. బయటి భాషను తమపై రుద్దరాదన్న సిద్ధాంతంతో 1968 నుంచి ద్విభాషా విధానాన్ని పాటిస్తున్న రాష్ట్రమది. 2020 నాటి జాతీయ విద్యావిధానంలోని త్రిభాషా సూత్రాన్ని అది గట్టిగా వ్యతిరేకించింది. ఢిల్లీని చెన్నై ఏమి అడుగుతున్నదో, చెన్నైని తాము అదే అడుగుతున్నామని భాషాల్పసంఖ్యాకులు అంటున్నారు.

రెండు వాదాల బలహీనతలు

సమర్థకుల వాదంలో ఒక జారుడు ఉన్నది. తమిళం అవసరమని నిరూపించిన చోటనే వారు ఆగిపోతున్నారు. తమిళం అవసరం కావడానికీ, తెలుగు లెక్కలోకి రాకుండా పోవడానికీ మధ్య తర్కసంబంధం లేదు. మొదటిది ఒప్పుకున్నవారు రెండవదీ ఒప్పుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా స్థానిక భాషను పాఠ్యాంశంగా చేర్చడాన్ని సమర్థించిందే గాని, మాతృభాషను వెనుక వరుసకు నెట్టమని చెప్పలేదు.

వ్యతిరేకుల వాదంలోనూ రెండు లోపాలున్నాయి. 350-ఎ అధికరణం మాట్లాడేది ప్రాథమిక దశ గురించి. పదో తరగతి పరీక్షలో తమిళం ఉండరాదని దాని నుంచి నేరుగా తేల్చడం కష్టం. అంతకంటె ముఖ్యమైనది ఇంటిలోపలి సంగతి. తెలుగు బడిని కాపాడాలని సభలో తీర్మానం చేసే కుటుంబాలలో ఎన్ని తమ పిల్లలను ఆంగ్ల మాధ్యమ బడుల పసుపు బస్సు ఎక్కించడం లేదు? తెలుగు బడి ఖాళీ కావడానికి తమిళం ఎంత కారణమో ఆంగ్లం మీది మోజు కనీసం అంతే కారణం. ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమానికి మార్చాలని 2019లో ఉత్తర్వులు రాగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. మాధ్యమాన్ని తల్లిదండ్రులే ఎంచుకోవాలని, రాష్ట్రం మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధించరాదని కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014 మే 6న తీర్పు చెప్పింది. ఆ స్వేచ్ఛ తల్లిదండ్రులది అయినప్పుడు దాని ఫలితంలోనూ వారికి వాటా ఉంటుంది.

అద్దంలో మనముఖం

తప్పనిసరి భాషా చట్టం తమిళనాడు ఒక్కటే చేయలేదు. కన్నడాన్ని అన్ని బడులలో నేర్పాలని కర్ణాటక 2015లో, మలయాళం విషయంలో కేరళ 2017లో, మరాఠీ విషయంలో మహారాష్ట్ర 2020లో చట్టాలు చేశాయి. తెలంగాణ 2018లో తెలుగును పదో తరగతి వరకు తప్పనిసరి చేసింది. ఈ చట్టం వచ్చిననాడు తెలుగు పత్రికలు, తెలుగు సంఘాలు హర్షం వెలిబుచ్చాయి. అదే పని పొరుగు రాష్ట్రం చేస్తే అన్యాయమనడం, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం వంటిదే అవుతుంది.

తెలుగు నేల మీద కూడా సరిహద్దు బిడ్డలున్నారు. కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ళు, మడకశిర, ఆదోని వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు, ఆదిలాబాదు వైపు మరాఠీ మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి. హోసూరులో తెలుగుకు ఏ స్థానం కోరుతున్నామో, కుప్పంలో తమిళానికి ఆ స్థానం ఇవ్వడానికి సిద్ధపడాలి. ఇది ఉదారత అనుకోవలసిన పనిలేదు. తన ఇంట్లో పాటించిన సూత్రాన్ని పొరుగింట్లో అడిగినవారి మాటకే విలువ ఉంటుంది.

తెలంగాణ అనుభవంలో ఒక మంచి పాఠం కూడా ఉన్నది. తెలుగు ఇంటి భాష కాని పిల్లలు, తెలుగు ఇంటి భాష అయిన పిల్లలతో సమానంగా ప్రామాణిక వాచకం చదవలేకపోతున్నారని గుర్తించి, సీబీఎస్ఈ తదితర బోర్డుల బడులలో తొమ్మిది, పది తరగతులకు సులభ తెలుగు వాచకాన్ని వాడేందుకు ఆ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. భాష నేర్పడం వదలలేదు, మెట్టు తగ్గించింది.

మధ్యేమార్గం

పైవాదాలన్నిటినీ తూచి చూస్తే ఒక సంగతి తేలుతున్నది. తమిళనాడులో పెరిగే తెలుగు బిడ్డకు తమిళం తప్పనిసరి చేయడం బిడ్డ మేలుకే. తెలుగును ఐచ్ఛికంగా వదిలివేయడం మాత్రం బిడ్డకు చేసిన అన్యాయం. నిర్బంధం విధించిన చేయి బాధ్యత కూడా మోయాలి. దానికి చేయవలసినవి అసాధ్యమైన పనులేమీ కావు.

మాతృభాష పరీక్ష మార్కులకు మొత్తంలో పూర్తి విలువ ఇవ్వాలి. బిడ్డ రెండు భాషలు చదివినప్పుడు రెండింటి ఫలమూ అతనికి దక్కాలి. తమిళం ఇంటి భాష కాని పిల్లలకు పదో తరగతి వరకు సులభ తమిళ వాచకం, తగిన ప్రశ్నపత్రం ఉండాలి. కవిత్వం, ప్రాచీన వ్యాకరణం కంటె ముందు ఉత్తరం, దరఖాస్తు, పొలం కాగితం చదవగలిగేటంత తమిళం వారికి కావాలి. తెలుగు ఉపాధ్యాయుడు విరమణ పొందేలోగానే ఆ స్థానానికి మరొకరిని ఎంపిక చేయాలి. న్యాయస్థానం ఏడాదికొకసారి ఇచ్చే మినహాయింపుల మీద బిడ్డల చదువు ఆధారపడకుండా శాశ్వతమైన నిబంధన రావాలి.

ఇక కుటుంబాల వంతు. బడిలో మొత్తం 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది విద్యార్థులు కోరితే మాతృభాషలో బోధనకు ఏర్పాటు చేయాలన్న సూత్రాన్ని 1949 ఆగస్టులోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఆమోదించింది. ఈనాటికీ భాషాల్పసంఖ్యాకుల రక్షణల చర్చలో అదే కొలత. అంటే, ఒక తరగతికి పది సంతకాలు కావాలి. కోరేవారి పేర్లు ముందుగా నమోదు చేసుకొనే పద్ధతి కూడా ఈ రక్షణలలో భాగమే. విద్యాసంవత్సరం మొదలవడానికి నెలల ముందే పది మంది తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా విజ్ఞాపన ఇచ్చి, అందిన రసీదు దాచుకుంటే, కోరినవారు లేరన్న మాట దస్త్రంలోకి ఎక్కే వీలుండదు. సమాధానం రాని పక్షంలో ఆ రసీదుతో జిల్లా విద్యాధికారిని, అక్కడా పని జరగకపోతే 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనరును ఆశ్రయించవచ్చు. నోటిమాటగా చేసిన ఫిర్యాదుకు ఈ దారిలో విలువ లేదు, కాగితానికి ఉన్నది.

జనాభా లెక్కల సమయంలో మాతృభాష గడిలో తెలుగు అని చెప్పి నమోదు చేయించడం కూడా ఈ బాధ్యతలో భాగమే. బడులు, పోస్టులు, వాచకాలు అడిగేటప్పుడు ప్రభుత్వం ముందు నిలిచేది ఆ అంకె ఒక్కటే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ సౌకర్యం కోసమో, మొహమాటం కోసమో మరొక భాష పేరు చెప్పినవారు తమ బిడ్డ బడికి రావలసిన అయ్యవారిని తామే వద్దన్నవారవుతారు.

సరిహద్దు బిడ్డకు రెండు భాషలు రావడం భారమని చాలామంది అనుకుంటారు. ఉభయ భాషలూ చదవడం, రాయడం వచ్చిన యువకుడు హోసూరు కర్మాగారంలోనూ, కుప్పం మార్కెట్టులోనూ, బెంగుళూరు కార్యాలయంలోనూ ఒక్కభాష మాత్రమే వచ్చినవాడికంటె ముందుంటాడు. అయితే ఆ రెండవ భాష అతనికి దక్కాలంటే తమిళ పుస్తకం పక్కన తెలుగు పుస్తకం కూడా అతని సంచిలో ఉండాలి. దాన్ని అక్కడ ఉంచే పని ప్రభుత్వానిది ఎంతో, వచ్చే జూన్‌లో దరఖాస్తు నింపే తల్లిదండ్రులదీ అంతే.